ఔషధము – వెల



నేను చిరకాలము బాలురకు వ్యాకరణము చెప్పినవాడను, అర్థశాస్త్రవేత్తను గాను. అయినను మందుల యంగడిలో వెల విని, చీటీలోని మందు సగమే కొని మరలిపోవువారిని చూచినప్పుడెల్ల నాకొక సందేహము కలుగుచుండెడిది. బిళ్ల చేయుటకు స్వల్పవ్యయము చాలునప్పుడు వెల యేల యింత హెచ్చుగా నుండవలయును?

బావి త్రవ్వుట వేరు, నీరు తోడుట వేరు. తోడుటకు చేద చాలును. త్రవ్విన ప్రతిచోటను జల పడదు. మనుష్యులపై పరీక్షించుదాక వచ్చిన మందులలోనే సుమారు పదింట తొమ్మిది విఫలములగుచున్నవి. ఫలించిన యొక్కటియే యా వ్యయభారమునంతయు మోయవలయును. అది వెలువడిన పిమ్మట నితరులు దానిని చౌకగా చేయగలరు. అట్లయినచో త్రవ్వినవానికి దక్కునదేమి? అందుచేతనే ప్రభుత్వము 20 ఏండ్లు పేటెంటు అను నేకాధికారము నొసంగును.

కాని పోటీ లేనిచోట వెలకు కళ్లెము లేదు. చీర కొనువాడు బేరము కుదరకున్న లేచిపోవును. ప్రాణమే పణమైన రోగి యెచ్చటికి పోగలడు?

1970 సంవత్సరపు చట్టము ఔషధపదార్థమునకు పేటెంటు నిరాకరించి, చేయు విధానమునకు మాత్రమే యొసంగెను. ఒకే మందును వేరొక విధానమున చేయువారు పెరిగిరి. హైదరాబాదు ఔషధ పరిశ్రమ కది బలమయ్యెను. ప్రపంచ వాణిజ్య సంస్థ యొడంబడిక ననుసరించి 2005లో పదార్థ పేటెంటు మరల వచ్చెను.

వ్యాకరణమున ఉత్సర్గమునకు అపవాదమున్నట్లే యీ చట్టమున 84వ సెక్షను కలదు. పేటెంటిచ్చి మూడేండ్లు గడచిన పిమ్మట, మందు ప్రజలకు చాలినంత దొరకకున్నను, అందుబాటు వెలకు లభింపకున్నను, ఇతరులకు నిర్బంధ లైసెన్సు నీయవచ్చును. కాలేయపు క్యాన్సరునకు వాడు నెక్సావరును బేయరు కంపెనీ నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముచుండెను. 2012 మార్చిలో హైదరాబాదు నాట్కో కంపెనీకి లైసెన్సు లభించెను. వెల 8,880 రూపాయలుగా నిర్ణయింపబడెను. బేయరునకు అమ్మకముపై నూటికి 6 వంతులు ముట్టవలయునని విధించిరి; 2013లో దానిని 7 చేసిరి. 2014లో సుప్రీము కోర్టు బేయరు అప్పీలును త్రోసివేసెను.

అపవాదము సూత్రమును చంపదు. దాని యెల్లను చూపును. అపవాదమే సూత్రమైనచో క్రొత్త బావి త్రవ్వువా డుండడు. అపవాదమే లేకున్న గట్టుమీద నిలిచియు దాహముతో చచ్చువా రుందురు.

ఇంకొక మాట. కాలా అజారు వంటి పేదల వ్యాధులకు పేటెంటు సైతము పనిచేయదు. హెచ్చు వెల యిచ్చువారు లేనిచోట త్రవ్వువారును రారు. అచ్చట ప్రభుత్వధనమును, ధర్మధనమును పలుగు పట్టవలయును. త్రవ్వినవానికి కూలియు, దప్పిగొన్నవానికి నీరును దక్కించుటయే రాజధర్మము.