ఎలుకకు తగ్గితే మనకు తగ్గినట్టేనా?

"ఎలుకల్లో హెచ్.ఐ.వి. నయం చేశారట కదా సిస్టర్, ఇంకా మాకు ఈ మాత్రలెందుకు?" అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు చెప్పాలంటే ముందు ఆ ఎలుకల సంగతి తెలియాలి.

మామూలు ఎలుకకు హెచ్.ఐ.వి. సోకదు. ఆ వైరస్ మన రక్తంలోని సి.డి.4 అనే తెల్లకణాల్లో చేరి పెరుగుతుంది. ఎలుక కణాల్లో అది పెరగలేదు. అందుకే శాస్త్రజ్ఞులు మనిషి తెల్లకణాలుండే ఎలుకలను తయారుచేశారు.

అదెలా సాధ్యం? పుట్టుకతోనే వ్యాధినిరోధక శక్తి లేని ఎలుకలు ఉన్నాయని 1983లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పరాయి కణాలను తిప్పికొట్టే శక్తి వాటికి లేదు. 2004లో స్విట్జర్లాండులో, ఇలా నిరోధక శక్తి లేని ఎలుక పిల్లలకు పుట్టగానే మనిషి బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలు ఎక్కించారు. ఆ కణాలు ఎలుక ఒంట్లో నిలదొక్కుకుని పెరిగాయి. కొన్ని మూలుగలో బి-కణాలయ్యాయి. కొన్ని ఛాతీలోని థైమస్ గ్రంథికి చేరి టి-కణాలయ్యాయి. సి.డి.4 కణాలు ఈ టి-కణాల్లో ఒక రకం. ఇలాంటి ఎలుకలకు హెచ్.ఐ.వి. సోకుతుంది కాబట్టి కొత్త మందులను ముందు వాటిపై పరీక్షించవచ్చు.

అయినా ఎలుక ఎలుకే. టి-కణాలకు మనవి ఏవో, పరాయివి ఏవో నేర్పే బడి థైమస్. మనిషి కణాలు ఎలుక థైమస్‌లో చదువుకుంటే, మన ఒంట్లో పనిచేసినంత బాగా పనిచేయవు. పైగా వైరస్ దాక్కునే కణాలు మనిషి శరీరంలో ఎన్నో రెట్లు ఎక్కువ.

2019లో అమెరికాలో ఇలాంటి ఎలుకలకు మందులతో పాటు జన్యువును కత్తిరించే చికిత్స ఇచ్చారు. సుమారు మూడోవంతు ఎలుకల్లో వైరస్ కనబడలేదు. మిగిలినవాటిలో ఉంది. తర్వాత ఈ కత్తిరింపు పద్ధతిని కొద్దిమంది మనుషుల్లో ప్రయత్నించారు. పెద్ద ప్రమాదమేమీ కలగలేదు గాని, వైద్యుల పర్యవేక్షణలో మాత్రలు ఆపిన ముగ్గురిలోనూ వైరస్ తిరిగి వచ్చిందని 2024లో తెలిపారు.

అందుచేత మేము చెప్పేది ఒకటే. పరిశోధన సాగుతోంది, అది మంచిదే. కానీ మీ ప్రాణం కాపాడుతున్నవి ఈరోజు మీ చేతిలో ఉన్న మాత్రలే. ఆపితే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. మానుతూ వేస్తూ ఉంటే అదే మందు పనిచేయకుండా పోవచ్చు. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రాల్లో ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు. వాంతులు, దద్దుర్లు వంటి ఇబ్బంది ఉంటే మీ అంతట మీరు మానేయకండి, వచ్చి మాతో చెప్పండి. ఇంట్లోవారు కూడా రోజూ వేళకు గుర్తుచేయండి.