బాలానగర్ సీతాఫలం, 10,000 రెట్ల మాట

“కీమోథెరపీ కన్నా 10,000 రెట్లు శక్తి.” లక్ష్మణఫలం మీద పుట్టి ఫోన్లలో తిరుగుతున్న ఈ మాట, దాని దాయాది సీతాఫలం ఆకుల కషాయం దాకా పాకింది. బాలానగర్ రకానికి పుట్టినిల్లు మన మహబూబ్‌నగర్ జిల్లాయే. నల్లగొండ గుట్టల మీదా ఈ చెట్టు దానంతటదే మొలుస్తుంది. అందుకే ఆ అంకె మనకు బాగా దగ్గరి సంగతి.

అంకె అబద్ధం కాదు. 1996లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు లక్ష్మణఫలం గింజల నుంచి అసిటోజెనిన్లు అనే రసాయనాలు కొన్నింటిని వేరుచేశారు. వాటిలో ఒకటి పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద అడ్రియామైసిన్ అనే కీమో మందుకన్నా 10,000 రెట్లు తీవ్రంగా పనిచేసింది. అయితే అది గాజుపాత్రలో, ఒకే రకం కణాల మీద. మనిషి ఒంట్లో కాదు. ఫోన్లలో తిరిగే మాటలో ఈ సగం ఉండదు.

సీతాఫలంలోనూ అసిటోజెనిన్లు ఉన్నాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో శక్తి తయారీ గొలుసు మొదటి మెట్టునే ఇవి అడ్డుకుంటాయి. శక్తి తగ్గితే జన్యువుల నడత మారుతుంది. మనకున్న జన్యువులు సుమారు 20,000. ఏది ఎంత పనిచేయాలన్నది కణం పరిస్థితిని బట్టి మారుతుంటుంది. క్యాన్సర్ కణంలో ఆ అదుపు తప్పుతుంది. 2012లో నెబ్రాస్కా పరిశోధకులు లక్ష్మణఫలం సారాన్ని క్లోమ క్యాన్సర్ కణాలకిచ్చి చూస్తే, చక్కెరను లోపలికి లాగే గ్లూట్-1, ఆక్సిజన్ కొరతలో కణాన్ని నిలబెట్టే హిఫ్-1 ప్రొటీన్లు తగ్గాయి. 2011లో మరో బృందం రొమ్ము క్యాన్సర్ కణితులున్న ఎలుకలకు 5 వారాలు లక్ష్మణఫలం పండు సారం తినిపించింది. కణితి పెరుగుదలకు ఊతమిచ్చే ఈజీఎఫ్ఆర్ ప్రొటీన్ 56 శాతం తగ్గింది. ఇవి నిజంగా ఆశపెట్టే ఫలితాలే.

కానీ మైటోకాండ్రియా క్యాన్సర్ కణంలో మాత్రమే కాదు, మెదడు కణంలోనూ ఉంటుంది. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో 1999లో పార్కిన్సన్స్ లక్షణాలున్న 87 మంది రోగులను పరిశీలిస్తే, మామూలు పార్కిన్సన్స్ వ్యాధి 22 మందికే ఉంది. మిగతావారిలో ఎక్కువమందిది మందులకు సరిగా లొంగని రకం. సీతాఫలం జాతి పండ్లు, ఆకుల కషాయం వాడకంతో దానికి సంబంధం కనిపించింది. అదే కారణమని ఇంకా తేలలేదు. అయితే ఒక లక్ష్మణఫలంలో సుమారు 15 మిల్లీగ్రాముల అన్నోనాసిన్ అనే అసిటోజెనిన్ ఉంటుంది, ఎలుకల మెదడును అది దెబ్బతీసింది. మన ఊళ్లలో తల పేలకు సీతాఫలం గింజల పొడి రాస్తారు కదా, కంట్లో పడితే చూపుకే ముప్పు. పండ్ల కాలంలో పండు తినడం వేరు, నెలల తరబడి ఆకు, గింజ కషాయం తాగడం వేరు.

మొక్క మందు కాదా అంటే, అవుతుంది. బిళ్ళ గన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ 1963 నుంచి క్యాన్సర్ వైద్యంలో ఉంది. దాని మోతాదు సాధారణంగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. కషాయానికి అలాంటి కొలత లేదు. ఏ అసిటోజెనిన్‌కూ ఇప్పటిదాకా క్యాన్సర్ మందుగా అనుమతి రాలేదు.

గడ్డ కనిపించినా, ఆగని రక్తస్రావమున్నా కషాయంతో నెలలు గడపకండి. హైదరాబాద్‌లో 1955 నుంచి ఉన్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లండి. తెలంగాణలో వైద్య ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. కషాయం ఇప్పటికే తాగుతుంటే ఆ మాట డాక్టరుకు దాచకండి.