వెబ్‌సైట్ బిల్డ్ వరుసగా నడవాలంటే: ఎన్‌పీఎం స్క్రిప్టులపై మన పిల్లలు తెలుసుకోవాల్సింది

మన ఇళ్లలో ఇంజినీరింగ్, బీసీఏ చదివే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మస్జిద్‌కో, మదర్సాకో, బంధువుల దుకాణానికో వెబ్‌సైట్ కావాలంటే ముందు వాళ్లనే అడుగుతాం. ఆ సైట్ వెనక పైకి కనబడని పని ఒకటి ఉంటుంది. దాన్నే ‘బిల్డ్’ అంటారు. రాసిన కోడ్‌ను జనం చూసే పేజీలుగా మార్చే పని అది.

ఉదాహరణకు సెహ్రీ, ఇఫ్తార్ వేళలు చూపించే సైట్ అనుకోండి. అందులో నాలుగు పనులుంటాయి. పాత పేజీలు తుడిచేయాలి. ఈ ఏడాది వేళల ఫైలు తయారుచేయాలి. ఆ వేళలతో కొత్త పేజీలు కట్టాలి. చివరికి సర్వర్‌కు ఎక్కించాలి. రెండో పని ఫెయిలై, మిగతావి ఆగకుండా నడిచిపోతే? పాత ఫైలు అక్కడే ఉంటే పోయిన ఏడాది వేళలే జనానికి కనబడతాయి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి వేళల్లో నిమిషాల తేడా వస్తుంది. రోజా ఉన్నవాళ్లకు ఆ నిమిషాలే ముఖ్యం.

స్క్రిప్టులు ఎక్కడ ఉంటాయి?

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో ఈ పనులు నడిపేది ప్యాకేజ్ మేనేజర్. వాటిలో బాగా తెలిసినది ఎన్‌పీఎం. 2010లో ఐజాక్ ష్లూటర్ దీన్ని తెచ్చారు. 2020లో గిట్‌హబ్ కొనుక్కుంది. నోడ్ జేఎస్ వేసుకుంటే ఇదీ వెంటే వస్తుంది. ప్రాజెక్టులోని ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్లో ‘స్క్రిప్ట్స్’ అనే భాగం ఉంటుంది. అక్కడ ఒక్కో పనికి ఒక పేరు, దాని ఎదురుగా కమాండ్ రాస్తారు. టెర్మినల్‌లో ‘ఎన్‌పీఎం రన్’ అని మాత్రమే కొడితే ఏమేం స్క్రిప్టులున్నాయో అన్నీ చూపిస్తుంది.

తేడా అంతా గుర్తులోనే

రెండు పనుల మధ్య ‘&&’ పెడితే, మొదటిది సక్రమంగా పూర్తయితేనే రెండోది మొదలవుతుంది. వుజూ అయ్యాకే నమాజ్‌కు నిలబడినట్టు అన్నమాట. లైనక్స్‌లో సెమీకోలన్ పెడితే మొదటిది చెడిపోయినా రెండోది నడుస్తుంది. ఒక్క ‘&’ పెడితే లైనక్స్‌లో మొదటిది వెనక నడుస్తుండగానే రెండోది మొదలైపోతుంది. విండోస్‌లో మాత్రం అదే గుర్తు ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది, మొదటిది ఫెయిలైనా సరే. ఇంట్లో ల్యాప్‌టాప్ విండోస్, సర్వర్ లైనక్స్ అయితే ఇక్కడే తికమక. ‘&&’ రెండు చోట్లా ఒకేలా పనిచేస్తుంది, అదే వాడండి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ‘ప్రీబిల్డ్’, ‘పోస్ట్‌బిల్డ్’ అనే పేర్లతో స్క్రిప్టులు రాస్తే, ‘ఎన్‌పీఎం రన్ బిల్డ్’ అనగానే ముందు ప్రీబిల్డ్, తర్వాత బిల్డ్, చివర పోస్ట్‌బిల్డ్ వాటంతటవే నడుస్తాయి. ప్రీబిల్డ్ ఫెయిలైతే బిల్డ్ మొదలవ్వదు. అయితే యార్న్ రెండో వెర్షన్ నుంచి మనం పెట్టుకున్న ఇలాంటి ప్రీ, పోస్ట్ స్క్రిప్టులు నడవవు. రేపు వేరే మేనేజర్‌కు మారే ఆలోచన ఉంటే వరుసను ‘&&’తో పైకి కనబడేలా రాయడమే మేలు.

ఫెయిలైతే ఫెయిల్ అని చెప్పాలి

ప్రతి ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఒక అంకె ఇస్తుంది. సున్నా అయితే పని అయినట్టు, వేరే అంకె అయితే చెడినట్టు. ‘&&’ చూసేది ఆ అంకెనే. స్క్రీన్ మీద ఎర్రగా ఎర్రర్ రాసినా, చివరికి సున్నా ఇస్తే తర్వాతి పని దర్జాగా నడిచిపోతుంది. వేళల ఫైలు దొరకకపోయినా, తేదీలు సరిపోకపోయినా మీ స్క్రిప్ట్ ఒకటి అంకెతో బయటికి రావాలి.

తెలియని ప్రాజెక్టుతో జాగ్రత్త

‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ కొట్టినప్పుడు కూడా ప్యాకేజీల్లోని స్క్రిప్టులు నడవచ్చు. 2021 అక్టోబర్‌లో యూఏ పార్సర్ జేఎస్ అనే ప్యాకేజీని కాజేసిన దుండగులు అలాగే కంప్యూటర్లలోకి హానికర ప్రోగ్రామ్‌లు దించారు. ఉద్యోగం ఇస్తామని ఎవరో తెలియనివాళ్లు ప్రాజెక్టు పంపి ‘నడిపి చూపించు’ అంటే తొందరపడకూడదు. ముందు స్క్రిప్ట్స్ భాగం చదవాలి. ‘ఇగ్నోర్ స్క్రిప్ట్స్’ అనే ఆప్షన్ పెడితే ఇన్‌స్టాల్ సమయంలో ఆ స్క్రిప్టులు నడవవు. అయినా అనుమానం ఉంటే అమ్మీ, అబ్బాల బ్యాంకు పనులు జరిగే ల్యాప్‌టాప్‌లో అసలు తెరవకపోవడమే మంచిది.

చివరగా ఒక చిన్న పరీక్ష. వేళలు తీసుకునే ఫైలు పేరు కావాలనే మార్చి, మొత్తం వరుస నడపండి. ఈ పరీక్ష అసలు సర్వర్ మీద కాదు, విడిగా పెట్టుకున్న కాపీ మీద చేయండి. ఎక్కించే పని ఆగిపోయిందంటే మీ వరుస సరిగ్గా ఉన్నట్టే. ఆగలేదంటే రంజాన్ నెలవంక కనబడకముందే సరిచేసుకోండి.