తెర ఆగింది, యంత్రం ఆగలేదు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన కథ మా అమ్మ ఏనాడూ పూర్తిగా చెప్పలేదు. ఆమె పుట్టిల్లు అవనిగడ్డ వైపు. కిందటి వేసవిలో, గన్నవరంలో మా ఇంటి వసారాలో కూర్చుని, ఎందుకో తనంతట తానే మొదలుపెట్టింది. నేను కంప్యూటరులో ఎక్కించుకుంటూ పోయాను. నలభై పేజీలయింది. సరిగ్గా నీళ్లు పెరట్లోకి వచ్చిన ఘట్టంలో తెర బిగుసుకుపోయింది. బాణం గుర్తు కదలదు, ఏ మీట నొక్కినా పలకదు.

పద్యాలు చెప్పుకొని బతికేవాణ్ణి, నాకేం తెలుసు! కరెంటు కట్టేయబోయి, ఎందుకైనా మంచిదని బెంగుళూరులో ఉన్న పాత శిష్యుడికి ఫోను చేశాను.

"కట్టేయకండి మాస్టారూ! మీది లినక్సు గదా. ఆగింది తెరేనేమో, యంత్రం కాదు" అన్నాడు.

1969లో బెల్ ప్రయోగశాలలో యూనిక్సు పుట్టిననాడు దానికి బొమ్మల తెరే లేదట. అన్నీ అక్షరాలే. కిటికీలు చూపించే ‘ఎక్స్’ అనే ఏర్పాటు 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో విడిగా తయారైంది. యూనిక్సు బాటలో వచ్చిన లినక్సులోనూ అంతే. తెర అనేది పదిమంది పనివాళ్లలో ఒకడు. వాడు సొమ్మసిల్లితే మిగతావాళ్లు పని మానరు.

కంట్రోలు, ఆల్టు, ఎఫ్3 మీటలు కలిపి నొక్కమన్నాడు. నల్లని పలకమీద తెల్లని అక్షరాలు లేచాయి. యంత్రం మొత్తం బిగుసుకుపోయి ఉంటే ఇదీ పారదట, నా అదృష్టం! పేరూ, సంకేతపదమూ ఇచ్చి ‘ఎల్ ఎస్’ అని కొడితే దాచిన కాగితాల పట్టీ వచ్చింది. అందులో అమ్మ కథ ఉంది సుమండీ! ముందు దానికి ఒక నకలు తీయించాడు.

"తెరను ఆపితే దానిమీద తెరిచినవన్నీ మూసుకుపోతాయి మాస్టారూ. దాచనిది దక్కకపోవచ్చు."

సరేనన్నాను. ‘సుడో సిస్టమ్ సీటీఎల్ రీస్టార్ట్ డిస్‌ప్లే-మేనేజర్’ అని ఒక్కొక్క అక్షరమే చెప్పి కొట్టించాడు. ‘రీస్టార్ట్’ బదులు ‘స్టాప్’ అంటే తెర ఆగి ఊరుకుంటుంది, ‘స్టార్ట్’ అంటే మళ్లీ లేస్తుంది. తెర ఒక్కసారి మెరిసి, కొత్తగా పేరడిగింది.

లిబ్రాఫీసు తెరవగానే పాత ప్రతి తిరిగి ఇవ్వనా అని తానే అడిగింది. పది నిమిషాలకోసారి తనకు తానుగా దాచుకుంటుందట. చివరి పేజీ మాత్రం పోయింది, నీళ్లు వచ్చిన పేజీ.

అమ్మతో చెప్పడానికి నోరు రాలేదు. చివరికి చెప్పాను. "అయితే మళ్లీ రాసుకో నాయనా" అంది. ఈసారి చీకట్లో పెరట్లోని ఆవు పలుపు విప్పింది తానేనని చెప్పింది. మొదటిసారి ఆ మాట చెప్పలేదు.