తరంగాలకు కట్టిన వెల: యూరప్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్

1980లలో యూరప్‌లో కారు ఫోను పెట్టుకుని సరిహద్దు దాటితే చాలా చోట్ల అది మూగబోయేది. నార్డిక్ దేశాల్లో ఎన్‌ఎంటీ, బ్రిటన్‌లో టాక్స్, పశ్చిమ జర్మనీలో సి-నెట్జ్, ఫ్రాన్స్‌లో రేడియోకామ్ 2000 నడిచేవి. ఒక పద్ధతి కోసం చేసిన ఫోను మరో పద్ధతిలో పనికొచ్చేది కాదు. ఈ గందరగోళం వదిలించుకోవడానికి యూరప్ దేశాల తపాలా, టెలిఫోన్ శాఖల సమాఖ్య 1982లో గ్రూప్ స్పెషల్ మొబైల్ అనే నిపుణుల బృందాన్ని వేసింది. జీఎస్‌ఎం పుట్టింది అక్కడే. 1987 సెప్టెంబరులో కోపెన్‌హాగన్‌లో 13 దేశాల ప్రతినిధులు ఒకే డిజిటల్ పద్ధతికి కట్టుబడతామని సంతకాలు చేశారు. దానికోసం 900 మెగాహెర్ట్జ్ తరంగాలను పక్కన పెట్టాలని అదే ఏడాది యూరోపియన్ కమ్యూనిటీ (నేటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపం) సభ్యదేశాలను ఆదేశించింది. 1991 జులై 1న ఫిన్లండ్ మాజీ ప్రధాని హరి హోల్కెరి ఈ పద్ధతిలో తొలి కాల్ మాట్లాడారు. భారతదేశంలో 1995లో మొదలైన సెల్ ఫోన్ సేవలు కూడా జీఎస్‌ఎం మీదే నడిచాయి.

పద్ధతి అందరిదీ ఒకటే అయింది గానీ తరంగాలు మాత్రం ఏ దేశానివి ఆ దేశం చేతిలోనే ఉండిపోయాయి. ఎవరికి ఇవ్వాలి, ఎంతకివ్వాలి, ఏ షరతులు పెట్టాలి అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టం. యూరప్‌లో మొబైల్ ఇంటర్నెట్ ఎక్కడ వేగంగా పెరిగింది, ఎక్కడ నత్తనడక నడిచింది అని అడిగితే జవాబు చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

తొలి జీఎస్‌ఎం మాటల కోసం కట్టింది. డేటా పంపాలంటే కాల్ లాగే ఒక లైను మొత్తం పట్టి ఉంచాలి. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. 1999 ప్రాంతంలో వాప్ పేరుతో ఫోను తెరమీదికి వచ్చిన ఇంటర్నెట్ జనాన్ని విసిగించడానికి ఇదొక కారణం. 2000లో మొదలైన జీపీఆర్‌ఎస్ ఈ తీరు మార్చింది. సమాచారాన్ని చిన్న చిన్న పొట్లాలుగా విడగొట్టి, లైను ఖాళీ దొరికినప్పుడల్లా పంపుతుంది. అందువల్ల ఎంతసేపు వాడారన్నది కాక, ఎంత డేటా వాడారన్న లెక్కన బిల్లు వేయడం కుదిరింది. వేగం మాత్రం ఇంకా పాత టెలిఫోన్ మోడెమ్ స్థాయిదే. అసలైన బ్రాడ్‌బ్యాండ్ 3జీతో వస్తుందని అందరూ నమ్మారు.

ఆ నమ్మకం ఖరీదు 2000లో తేలింది. ఇంటర్నెట్ షేర్లు ఆకాశంలో ఉన్న రోజులవి. బ్రిటన్ ప్రభుత్వం అయిదు 3జీ లైసెన్సులను వేలానికి పెట్టింది. ఆర్థికవేత్తలు కెన్ బిన్‌మోర్, పాల్ క్లెంపరర్ రూపొందించిన ఆ వేలం 150 రౌండ్లు సాగి, దాదాపు 2,250 కోట్ల పౌండ్ల దగ్గర ఆగింది. ఆగస్టులో జర్మనీ వంతు. అక్కడ ఆరు కంపెనీలు లైసెన్సుకు సుమారు 840 కోట్ల యూరోల చొప్పున, మొత్తం 5,000 కోట్లకు పైగా ధారపోశాయి. ఆ డబ్బుకు దక్కింది గాలిలో తరంగాలను వాడుకునే హక్కు మాత్రమే. టవర్లు ఆ తర్వాత కట్టుకోవాలి, ఫోన్లు అప్పటికి తయారే కాలేదు. ఏడాది తిరక్కుండా షేర్ల బుడగ పేలింది. జర్మనీలో లైసెన్సు కొన్న ఆరింటిలో రెండు, మోబిల్‌కామ్, గ్రూప్ 3జీ, ఆ తరంగాల మీద నెట్‌వర్క్ నడపకుండానే పక్కకు తప్పుకున్నాయి. ఫ్రాన్స్ ఒక్కో లైసెన్సుకు 495 కోట్ల యూరోలు ధర పెడితే ఇద్దరే ముందుకొచ్చారు. చివరికి ఆ ధరను 61.9 కోట్లకు దించి, రాబడిలో కొంత వాటాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఉత్తరాది దేశాలు వేరే దారి పట్టాయి. ఫిన్లండ్ 1999లోనే నాలుగు లైసెన్సులను వేలం లేకుండా, అర్హత చూసి, ఉచితంగా ఇచ్చేసింది. అలా పొందిన కంపెనీల్లో ఒకటైన సోనెరా అదే ఊపులో జర్మనీ వేలానికి వెళ్లింది. మోబిల్‌కామ్‌తో పాటు చేతులెత్తేసిన గ్రూప్ 3జీలో సోనెరాకు పెద్ద వాటా ఉంది. ఇంట్లో ఊరికే వచ్చినదాన్ని పొరుగింట్లో వందల కోట్లు పోసి కొని పోగొట్టుకుంది. స్వీడన్‌లోనూ వేలం లేదు. ఎవరు ఎక్కువ జనానికి నెట్‌వర్క్ అందిస్తామంటే వారికి ఇచ్చారు. ఆ పోటీలో పాత ప్రభుత్వ సంస్థ టెలియాకే సొంత దేశంలో లైసెన్సు దక్కలేదు. అది ప్రత్యర్థి టెలి2తో కలిసి ఉమ్మడి నెట్‌వర్క్ కట్టుకుని బయటపడింది. దెబ్బతిన్న ఈ రెండు కంపెనీలూ 2002లో కలిసిపోయి టెలియాసోనెరా అయ్యాయి.

వేలానికి పోసిన డబ్బు ఎలాగూ తిరిగిరాని ఖర్చు, దానివల్ల టవర్లు ఆలస్యం కావన్నది వేలాలను సమర్థించే ఆర్థికవేత్తల వాదన. పుస్తకంలో అది సరిగానే కనిపిస్తుంది. అప్పుల్లో కూరుకుపోయిన కంపెనీకి బ్యాంకులు మళ్లీ అప్పు ఇవ్వడానికి జంకుతాయన్న సంగతి ఆ పుస్తకంలో ఉండదు. అయితే ఆలస్యమంతా వేలాల నెత్తినే రుద్దడం కూడా న్యాయం కాదు. లైసెన్సు ఉచితంగా ఇచ్చిన ఫిన్లండ్‌లోనూ ఫోన్లు లేక 3జీ సేవలు ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. హాంకాంగ్‌కు చెందిన హచిసన్ సంస్థ తన ‘త్రీ’ నెట్‌వర్క్‌ను బ్రిటన్‌లో 2003 మార్చి 3న మొదలుపెట్టింది. ముహూర్తం మూడుతో కుదిరింది గానీ చేతికొచ్చిన ఫోన్లు లావుగా ఉండేవి, బ్యాటరీ ఊరికే అయిపోయేది. కంపెనీలు ఊరించిన వీడియో కాల్‌ను జనం పెద్దగా పట్టించుకోలేదు.

మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌ను నిలబెట్టింది మొదట ఫోను కానే కాదు, లాప్‌టాప్‌కు గుచ్చుకునే చిన్న యూఎస్‌బీ మోడెమ్, అంటే డాంగిల్. 2005 చివర్లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో, 2006 జనవరిలో ఆస్ట్రియాలో హెచ్‌ఎస్‌డీపీఏ అనే మెరుగుదల 3జీకి తోడైంది. టవరు నుంచి ఎవరికి ఏ క్షణంలో సిగ్నల్ బాగా అందుతోందో చూసి, ఆ క్షణంలో వారికి ఎక్కువ డేటా పంపడం దాని కిటుకు. వేగం కిలోబిట్ల నుంచి మెగాబిట్లలోకి వచ్చింది. ఆస్ట్రియాలో నాలుగు కంపెనీలు ధరల మీద కొట్టుకున్నాయి. లైను కోసం టెలిఫోన్ కంపెనీ మనిషి వచ్చేదాకా ఆగకుండా, దుకాణంలో డాంగిల్ కొని ఇంటికి తెచ్చుకోవడం అక్కడి విద్యార్థులకు, అద్దె ఇళ్లలో ఉండేవారికి తేలికైంది. చివరికి ఇళ్లకు అందే బ్రాడ్‌బ్యాండ్ మార్కెట్‌లో మొబైల్‌ను కూడా కలిపి లెక్కించాలని అక్కడి నియంత్రణ సంస్థే తేల్చింది.

2007 నవంబరులో ఐఫోన్ బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్‌లకు వచ్చింది. విచిత్రమేమిటంటే అన్ని వేల కోట్లు పోసిన 3జీ మీద అది పనిచేయదు. 2జీకి కాస్త వేగం పెంచిన ఎడ్జ్ మీదే నడిచేది. 3జీ ఐఫోన్ మరుసటి ఏడాది జులైలో వచ్చింది. అప్పటినుంచి డేటా వాడకం ఎంత పెరిగిందంటే, ఎవరూ వాడడం లేదని వాపోయిన కంపెనీలే తట్టుకోలేకపోతున్నామని మొత్తుకోవడం మొదలుపెట్టాయి.

4జీ విషయంలో యూరప్ ప్రపంచం కంటే ముందే నిలిచింది, మొదటి రోజు మటుకు. 2009 డిసెంబరు 14న స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో ప్రపంచంలోనే తొలి వాణిజ్య 4జీ సేవలు మొదలయ్యాయి. మొదలుపెట్టింది ఆ టెలియాసోనెరాయే. స్టాక్‌హోమ్‌లో పరికరాలు ఎరిక్సన్‌వి, ఓస్లోలో చైనా సంస్థ హువావేవి. ఆ తర్వాత మిగతా ఖండం మళ్లీ దేశానికో తీరుగా నడిచింది. బ్రిటన్‌లో 4జీ 2012 అక్టోబరు 30 దాకా రాలేదు, అదీ ఒక్క కంపెనీకి. మిగతావి 2013 వేలం అయ్యేదాకా ఆగాయి. ఖజానాకు 350 కోట్ల పౌండ్లు వస్తాయని అక్కడి ప్రభుత్వం లెక్కలేసుకుంటే 234 కోట్లే వచ్చాయి. పాత వేలం పాఠం కంపెనీలకు గుర్తుంది.

జర్మనీ 2010 వేలం మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అనలాగ్ టీవీ ప్రసారాలు ఆపేయడంతో 800 మెగాహెర్ట్జ్ తరంగాలు ఖాళీ అయ్యాయి. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ తరంగం దూరం వెళ్తుంది, గోడలను దాటుకుని లోపలికి వస్తుంది. 3జీకి వాడిన 2100 మెగాహెర్ట్జ్‌తో పోలిస్తే తక్కువ టవర్లతో ఎక్కువ మేర కవరవుతుంది. పల్లెలకు సరిగ్గా కావలసింది ఇదే. దాంతో జర్మన్ నియంత్రణ సంస్థ ఒక షరతు పెట్టింది: 800 మెగాహెర్ట్జ్ కొన్నవాళ్లు ముందుగా 5,000 లోపు జనాభా ఉన్న, బ్రాడ్‌బ్యాండ్ అందని ఊళ్లకు సేవలు ఇవ్వాలి, ఆ తర్వాతే ఈ తరంగాలతో అంతకంటే పెద్ద ఊళ్లలో అడుగుపెట్టాలి. డాయిష్ టెలికామ్ తొలి 4జీ టవరును బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో కాదు, బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రంలోని చిన్న పట్టణం క్యురిట్స్‌లో పెట్టింది. వేలం వల్ల చెడే జరుగుతుందనుకోనక్కర్లేదు. అమ్మేవాడు డబ్బొక్కటే అడుగుతున్నాడా, ఇంకేమైనా అడుగుతున్నాడా అన్నది చూడాలి.

ధరల విషయానికొస్తే ఫ్రాన్స్‌లో 2012 జనవరి 10న ఒక్కసారిగా మంట లేచింది. గ్జేవియర్ నీల్‌కు చెందిన ఫ్రీ సంస్థ నాలుగో కంపెనీగా దిగి, నెలకు 19.99 యూరోలకు అపరిమిత కాల్స్, 3 గిగాబైట్ల డేటా ఇస్తామంది. పాత కంపెనీలు గగ్గోలు పెట్టి, చివరికి ధరలు దించాయి. ఫిన్లండ్ కంపెనీలు అసలు డేటాను కొలిచి అమ్మడమే మానేశాయి. అక్కడ నెలకు ఇంత అని కట్టి ఎంతైనా వాడుకోవచ్చు; ఎక్కువ వేగం కావాలంటే ఎక్కువ కట్టాలి. 2010 జులై నుంచి సెకనుకు 1 మెగాబిట్ ఇంటర్నెట్‌ను ప్రతి పౌరుడి చట్టబద్ధ హక్కుగా చేసిన దేశమది. సరస్సుల ఒడ్డున వేసవి కుటీరాల దాకా కేబుల్ వేయడం కంటే టవరే నయం. మనిషికి సగటున వాడే మొబైల్ డేటాలో ఫిన్లండ్ ఏళ్లుగా ప్రపంచంలో ముందు వరుసలో ఉంటోంది.

సరిహద్దు సమస్య మాత్రం అప్పటికీ పూర్తిగా తీరలేదు. జీఎస్‌ఎంతో ఫోను పనిచేయడం మొదలైంది, బిల్లు చూస్తే గుండె ఆగేది. విదేశంలో వాడినప్పుడు ఆ దేశపు కంపెనీకి మన కంపెనీ టోకు ధర చెల్లించాలి. ఇద్దరూ దాన్ని ఇష్టమొచ్చినంత పెంచుకున్నారు. యూరోపియన్ యూనియన్ 2007లో కాల్స్‌కు గరిష్ఠ ధర పెట్టింది. 2010లో, వినియోగదారుడు వేరే పరిమితి కోరుకోకపోతే డేటా బిల్లు 50 యూరోలు చేరగానే కనెక్షన్ ఆపేయాలంది. 2012లో మెగాబైట్‌కు 70 సెంట్లకు మించి తీసుకోరాదంది. ఇది దించుకుంటూ వచ్చి, 2017 జూన్ 15 నుంచి సొంత దేశంలో కట్టే ధరకే యూనియన్ అంతటా వాడుకోవచ్చని ప్రకటించింది. బెర్లిన్‌లో చదువుకునే తెలుగు విద్యార్థి జర్మన్ సిమ్‌తోనే ప్రాగ్ వెళ్లి ఇంటికి వీడియో కాల్ చేయగలగడం ఆ నిబంధన పుణ్యమే.

కానీ దీనిలోనూ ఒక మెలిక ఉంది. డేటా ఉదారంగా పోసే ఫిన్లండ్ కంపెనీలకు, తమ వినియోగదారులు స్పెయిన్‌లో సెలవులు గడుపుతూ అదే తీరున వాడితే కట్టాల్సిన టోకు ధర తడిసిమోపెడవుతుంది. అందుకే అక్కడి నియంత్రణ సంస్థ కొంతకాలం అదనపు రుసుముకు అనుమతి ఇచ్చింది. టోకు ధర గరిష్ఠ పరిమితిని 2017లో గిగాబైట్‌కు 7.70 యూరోలుగా పెట్టి, 2022కల్లా 2 యూరోలకు తెచ్చారు. నిబంధనను 2032 దాకా పొడిగించారు. యూనియన్ నుంచి బయటికొచ్చిన బ్రిటన్‌లో ఈఈ, వొడాఫోన్, త్రీ కంపెనీలు రోమింగ్ రుసుము మళ్లీ తెచ్చాయి.

5జీకి వచ్చేసరికి ఆ మొదటి రోజు ఘనత కూడా యూరప్‌కు దక్కలేదు; దక్షిణ కొరియా, అమెరికా ముందుకెళ్లాయి. 2019 ఏప్రిల్‌లో స్విట్జర్లండ్, మే నెలాఖరులో బ్రిటన్, జూన్‌లో స్పెయిన్ మొదలుపెట్టాయి. ఇటలీ 2018 వేలంలో, జర్మనీ 2019లో 497 రౌండ్ల వేలంలో, చెరో 650 కోట్ల యూరోలకు పైగా రాబట్టాయి. తన 5జీ తరంగాల వేలంలో ఫిన్లండ్ తీసుకున్నది 8 కోట్ల యూరోల లోపే. జనాభా తేడా లెక్కేసుకున్నా అంతరం చిన్నది కాదు. పైగా తొలి 5జీ చాలాచోట్ల పాత 4జీ కేంద్ర వ్యవస్థకు కొత్త యాంటెనాలు తగిలించినదే. పూర్తిగా 5జీ మీదే నడిచే స్టాండలోన్ నెట్‌వర్క్‌లు నెమ్మదిగా వస్తున్నాయి.

రాజకీయాలు కూడా కాలికి అడ్డుపడ్డాయి. భద్రతా కారణాలతో హువావే పరికరాలను 2027 చివరికల్లా 5జీ నుంచి తొలగించాలని బ్రిటన్ 2020 జులైలో ఆదేశించింది. స్వీడన్ అదే ఏడాది నిషేధించింది. కోవిడ్‌కు 5జీయే కారణమన్న పుకారు నమ్మి 2020 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో పదుల సంఖ్యలో టవర్లకు నిప్పుపెట్టారు. కాలిన వాటిలో కొన్నింటి మీద 5జీ లేనే లేదు.

ఇప్పుడు పెద్ద కంపెనీలు అడుగుతున్నది విలీనాలకు అనుమతి. యూరప్‌లో పదుల కంపెనీలు ఉంటే అమెరికా, చైనాల్లో వేళ్లమీద లెక్కపెట్టవచ్చని, పెట్టుబడులకు ఈ చీలిక అడ్డమని 2024లో ఇటలీ మాజీ ప్రధాని మారియో ద్రాగి నివేదిక కూడా చెప్పింది. యూరోపియన్ కమిషన్ పోటీ విభాగం అనుమానం వేరు: నాలుగు కంపెనీలు మూడయితే ధరలు పెరుగుతాయని. బ్రిటన్‌లో త్రీ, ఓ2 విలీనాన్ని కమిషన్ 2016లో ఆపింది. 2025లో అదే త్రీ వొడాఫోన్‌తో కలిసింది. నెట్‌వర్క్‌పై పెట్టుబడి హామీలు తీసుకుని బ్రిటన్ పోటీ సంస్థ ఒప్పుకుంది. ఒక దేశంలోని రెండు కంపెనీలు కలిసినంత మాత్రాన సరిహద్దులు చెరగవు. తరంగాల లైసెన్సులు ఇప్పటికీ దేశాలవారీగానే ఉన్నాయి.

పాత నెట్‌వర్క్‌లు మాత్రం ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. జర్మనీ 2021లో 3జీని పూర్తిగా ఆపేసి, ఆ తరంగాలను 4జీ, 5జీలకు మళ్లించింది. అంత ఖరీదు పెట్టి కొన్న 3జీ కంటే దానికి ముందున్న 2జీయే చాలా దేశాల్లో ఎక్కువ కాలం బతుకుతోంది. కరెంటు మీటర్లు, లిఫ్టుల అలారాలు ఇంకా దాని మీదే పనిచేస్తున్నాయి. 2018 నుంచి యూనియన్‌లో కొత్త కారు మోడళ్లకు తప్పనిసరి చేసిన ఈ-కాల్ ఏర్పాటు, అంటే ప్రమాదం జరిగితే కారే 112కు ఫోను చేసే ఏర్పాటు, ఈ పాత నెట్‌వర్క్‌ల కోసమే తయారైంది. కొత్త మోడళ్లలో దాన్ని 4జీ, 5జీలకు మారుస్తున్నారు. ఇప్పటికే రోడ్ల మీదున్న కార్లను ఏం చేయాలన్నది తేలకుండా 2జీని ఆపేయడం కంపెనీలకు అంత తేలిక కాదు.