మాక్ టెస్టులో మార్కులు తగ్గితే ఫెయిలైనట్టేనా?

ఉట్నూర్ గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని గూడెం నుంచి నర్సింగ్‌లో చేరిన అమ్మాయి రేపు అమెరికాలో నర్సు కావాలంటే ఎన్‌క్లెక్స్ దాటాలి. కంప్యూటర్‌పై రాసే ఈ పరీక్షలో ప్రశ్నలు కనీసం 85, మహా అయితే 150. ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. అభ్యర్థి పాస్ గీతకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నమ్మకం కుదిరితే పరీక్ష ఆగిపోతుంది.

ఎవరు గట్టెక్కుతారో ముందే చెప్పగలమా? ఇంగ్లండ్ మతబోధకుడు థామస్ బేయస్ రాసిన వ్యాసం ఆయన పోయాక, 1763లో అచ్చయింది. అందులోంచి పుట్టిన పద్ధతి ఇదీ: ముందు ఒక అంచనా పెట్టుకోవాలి, కొత్త ఆధారం దొరికినప్పుడల్లా దాన్ని సవరించుకోవాలి.

ఈ పద్ధతినే ఊహించిన అంకెలతో చూద్దాం; మాక్ టెస్టు మార్కులే ఇక్కడ కొత్త ఆధారం. వంద మంది రాస్తే 80 మంది పాసయ్యారు. వాళ్లలో 60 మందికి, ఫెయిలైన 20 మందిలో ఐదుగురికి మాక్ టెస్టులో మంచి మార్కులొచ్చాయి. అంటే మంచి మార్కులొచ్చిన 65 మందిలో 60 మంది గట్టెక్కారు, 92 శాతం. మరి తక్కువొచ్చిన 35 మంది? వాళ్లలోనూ 20 మంది పాసే, 57 శాతం! అలాంటి పిల్లను పరీక్షకు పంపకుండా ఆపేయడం అన్యాయం.

చిన్న కాలేజీల్లో బ్యాచ్‌కు కొద్దిమందే ఉంటారు. అక్కడే బేయస్ పద్ధతి బాగా అక్కరకొస్తుంది. పాత బ్యాచ్‌ల అనుభవంతో మొదలుపెట్టి సెమిస్టర్ మార్కులు, ఇంగ్లిష్ చదివే వేగం ఒక్కొక్కటే కలుపుతారు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు మాట్లాడిన అమ్మాయికి ప్రశ్న చదవడానికే సమయం చాలకపోతే, మందుల మోతాదు పాఠం పదిసార్లు చెప్పినా లాభం లేదు. ఆమెకు ముందు కావాల్సింది ఇంగ్లిష్ క్లాసు.