బాల్యమున పడిన గాటు

38 ఏండ్ల వయసువానికి మలముతో నెత్తురు పడినచో ఇంటివారు మొలలనియే తలంతురు. వేడి చేసినదని మజ్జిగ త్రాగింతురు. పెద్దప్రేగు క్యాన్సరు ముదుసలులకు వచ్చునది గదా యను ధైర్యముతో నెలలు గడచిపోవును. కాని అనేక దేశములలో 50 ఏండ్లు నిండనివారియందు ఈ వ్యాధి పెరుగుచున్నది. దానికి కారణములు వెదకినవారి దృష్టి మన ప్రేగులలో కాపురముండు సూక్ష్మజీవులపైనను పడినది.

సూక్ష్మజీవి యనగానే శత్రువని తలంచుట అన్యాయము. మనము జీర్ణింపజాలని పీచును పులియబెట్టి, ప్రేగుగోడ కణములకు ఆహారమగు బ్యుటిరేటును సమకూర్చునవి అవియే. ఇ.కోలై అను బాక్టీరియా కూడ సామాన్యముగా సాధువే. అయితే దానిలోని కొన్ని తెగలు కొలిబాక్టిన్ అను విషమును పుట్టించుచున్నవని 2006లో ఫ్రాన్సులోని తులూజ్ పరిశోధకులు జర్మను సహచరులతో కూడి వెల్లడించిరి. ఆ విషపు అణువునకు రెండు కొనలయందును కొక్కెములవంటివి కలవు. డి.ఎన్.ఏ. రెండు పోగులు పెనవేసుకొన్న త్రాటివంటిది. ఒక కొక్కెము ఒక పోగును, రెండవది రెండవ పోగును పట్టుకొనగా, విడివడవలసిన పోగులు కుట్టువడిపోవును. కణము దానిని బాగుచేసికొనును గాని, ఒక్కొక్కచోట డి.ఎన్.ఏ. వ్రాతలో అక్షరము తప్పును.

ఆ తప్పు ఎట్టిదో తెలియగోరి, నెదర్లాండ్సులోని ఉట్రెక్ట్ నగరమున హాన్స్ క్లెవర్స్ బృందమువారు మానవకణములనుండి ఆవగింజకన్నను చిన్నవైన బోలు ప్రేగుముద్దలను పెంచి, సన్నని సూదితో వాని గర్భమునకు ఈ బాక్టీరియాను ఎక్కించి, 5 నెలలపాటు మరల మరల అట్లే చేసి, పిమ్మట వాని డి.ఎన్.ఏ.ను అక్షరమక్షరముగా చదివిరి. ఎడినీన్ అను అక్షరము వరుసగా నుండు తావులను ఎంచుకొన్నట్లుగా తప్పులు పడియుండెను. వేలకొలది రోగుల కణితులను చదువగా, కొందరి పెద్దప్రేగు కణితులలో అచ్చముగా ఆ తప్పుల ముద్రయే కానవచ్చినది. ఇది 2020నాటి మాట.

2025లో, 11 దేశములకు చెందిన 981 కణితులను శోధించినవారు, 70 దాటి వ్యాధి బయటపడినవారి కంటె 40 నిండకమునుపే బయటపడినవారిలో ఈ ముద్ర 3.3 రెట్లు అధికమని ప్రకటించిరి. బహుశః అది పదేండ్ల ప్రాయములోపలనే పడియుండునని వారి యూహ. నన్ను కలచివేసినది ఈ మాటయే: శస్త్రవైద్యుడు కణితిని కోసితీయునాటికి ఆ బాక్టీరియా ఆ ప్రేగున లేకయే పోవచ్చును, పలకబలపము పట్టిన వయసులో పడిన గాటు మాత్రము నిలిచియుండును.

ఆరోగ్యవంతులలోను అనేకులు ఈ తెగలను మోయుచునే యున్నారు; వారిలో అత్యధికులకు క్యాన్సరు రాదు. కావున వెరచి యాంటీబయాటిక్ మాత్రలు మ్రింగుట తగదు. అవి పడిన గాటును మాన్పలేవు, మేలుచేయు జీవులను మాత్రము చంపును.

అమెరికాలో ఈ క్యాన్సరుకై ముందుజాగ్రత్త పరీక్షలు ఆరంభింపవలసిన వయసును 2021లో 50 నుండి 45కు తగ్గించిరి. మన 38 ఏండ్లవానికి ఆ పిలుపు కూడ అందదు. వానికి నెత్తురే తొలి కబురు; మొలలని సరిపెట్టుకొనక, ఆ వారముననే వైద్యునియొద్దకు పోయి, కొలొనోస్కోపీ వలయునా యని అడుగవలెను.